జీటీ తరగతులా, ఆనర్స్ తరగతులా: టెక్సస్ మిడిల్ స్కూల్లో మా ఇద్దరు పిల్లల అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు ఊళ్ళో మేము పన్నెండేళ్ళుగా ఉంటున్నాము. మా పెద్దమ్మాయి ఇక్కడి ప్రభుత్వ మిడిల్ స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ప్రతిభావంతులైన పిల్లల కోసం నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రాంలో, అంటే ఇక్కడ అందరూ జీటీ అని పిలిచే తరగతుల్లో చదివి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. చిన్నవాడు అదే స్కూల్లో జీటీ ముద్ర లేకుండా, కొన్ని విషయాల్లో కొంచెం వేగంగా నడిచే ఆనర్స్ తరగతులు, మరికొన్నిటిలో మామూలు తరగతులు తీసుకుని ఏడో తరగతి సగంలో ఉన్నాడు. ఒకే భవనంలో, ఒకే ప్రిన్సిపాల్ కింద, దాదాపు అదే ఉపాధ్యాయ బృందంతో నడిచిన ఈ రెండు సేవలను నాలుగున్నరేళ్ళ పాటు తండ్రిగా దగ్గర నుంచి చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనుక స్కూలు జిల్లా (ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) పేరు, స్కూలు పేరు చెప్పడం లేదు. అయినా టెక్సస్‌లో ఉండే తెలుగువారికి ఇందులోని ఏర్పాట్లు చాలావరకు పరిచితంగానే కనిపిస్తాయి.

ప్రతి జనవరిలో అయిదో తరగతి పిల్లల ఇళ్ళకు కోర్సుల ఎంపిక ఫారం వస్తుంది. ఇంగ్లీషు, గణితం, సైన్సు, సోషల్ స్టడీస్ అనే నాలుగు విషయాల పక్కన మామూలు, ఆనర్స్ అని రెండేసి గడులు ఉంటాయి. జీటీకి ఎంపికైన పిల్లల ఫారంలో ఇంగ్లీషుకు, సోషల్‌కు మూడో గడి కూడా ఉంటుంది. మా అమ్మాయి ఫారంలో ఆ మూడో గడి చూసిన సంతోషంలో మిగతా గడులను మేము సరిగ్గా చదవలేదు. ఆ పొరపాటు ఖరీదు ఏమిటో తరువాత చెబుతాను. ముందు ఈ రెండూ అసలు ఏమిటో చెప్పడం అవసరం, ఎందుకంటే ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్న మనవారిలోనే చాలామంది ఆనర్స్ మొదటి మెట్టు, జీటీ దాని పైమెట్టు అనుకుంటున్నారు.

ప్రతిభావంతులైన పిల్లలకు ప్రత్యేక విద్య అందించి తీరాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏ రాష్ట్రాన్నీ శాసించదు. 1988 నాటి జావిట్స్ చట్టం ఈ రంగంలో పరిశోధనలకు, నమూనా కార్యక్రమాలకు గ్రాంట్లు ఇస్తుందే తప్ప మన వీధి చివరి స్కూల్లో ఒక తరగతి తెరిపించదు. అందువల్ల ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, ఒక్కోచోట ఏ జిల్లాకు ఆ జిల్లా తన దారి తాను వేసుకుంది. టెక్సస్‌లో మాత్రం ప్రతి స్కూలు జిల్లా కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు ఇలాంటి పిల్లలను గుర్తించి, వారికి తగిన బోధన అందించాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఎంపికకు కనీసం మూడు ప్రమాణాలు ఉండాలి, వాటిలో పరీక్ష మార్కుల వంటి అంకెలతో పాటు పిల్లల పని నమూనాలు, ఉపాధ్యాయుల పరిశీలన వంటివి కూడా ఉండాలి. జీటీ తరగతి చెప్పే ఉపాధ్యాయులు 30 గంటల ప్రాథమిక శిక్షణ, ఆపైన ఏటా 6 గంటల శిక్షణ పొంది ఉండాలి. తల్లిదండ్రులు పైసా కట్టనక్కరలేదు. అయితే జిల్లా మొత్తం హాజరులో 5 శాతం విద్యార్థులకు మించి రాష్ట్రం జీటీ నిధులు లెక్కగట్టదు. మనవారు ఎక్కువగా ఉండే శివార్లలో పోటీ ఎందుకు అంత బిగుసుకుపోయిందో ఆలోచించేటప్పుడు ఈ అంకెను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ఆనర్స్ సంగతి పూర్తిగా వేరు. దానికి ముద్ర లేదు, మా జిల్లాలో ప్రవేశ పరీక్షా లేదు. కౌన్సెలర్ సలహా ఇస్తారు, తల్లో తండ్రో సంతకం పెడతారు, అంతే. కొన్నేళ్ళ క్రితం వరకు టెక్సస్‌లో ఈ తరగతులను చాలాచోట్ల ప్రీ-ఏపీ, అంటే హైస్కూల్లో కాలేజీ స్థాయిలో ఉండే ఏపీ కోర్సులకు ముందు మెట్టు, అనేవారు. 2018లో ఎస్ఏటీ, ఏపీ పరీక్షలు నడిపే కాలేజీ బోర్డు అనే సంస్థ ఆ పేరుతో తన సొంత పాఠ్యక్రమాన్ని ప్రవేశపెట్టాక అనేక జిల్లాలు పేరు మార్చి ఆనర్స్ అనో, అడ్వాన్స్‌డ్ అనో పిలవడం మొదలుపెట్టాయి. పెద్దపిల్లలున్న తల్లిదండ్రులు ఇంకా ప్రీ-ఏపీ అంటుంటే కొత్తవారు అదేదో మూడో రకం తరగతి అనుకుని కంగారు పడడం నేను చూశాను.

మా స్కూల్లో జీటీ అంటే ప్రత్యేకమైన బడి కాదు, ప్రత్యేకమైన రోజూ కాదు. ఏడు పీరియడ్ల రోజులో ఇంగ్లీషు, సోషల్ కలిపి రెండు పీరియడ్లు ఒకే గుంపుతో నడుస్తాయి. మిగతా అయిదు పీరియడ్లలో జీటీ పిల్లలు అందరిలాగే గణితానికి, సైన్సుకు, ఆర్కెస్ట్రాకు, వ్యాయామానికి వెళతారు. ఆ గణితం మామూలు గణితమా, ఆనర్స్ గణితమా అన్నది జీటీ ముద్రతో నిర్ణయం కాదు, దాని గడిలో విడిగా గుర్తు పెట్టాలి. మేము పెట్టలేదు. గిఫ్టెడ్ అన్నారు కదా, గణితం కూడా అందులోనే ఉంటుందనుకున్నాము. నేను, నా భార్య ఇద్దరమూ ఇంజినీరింగ్ చదివినవాళ్ళమే, అయినా ఒక పేజీ ఫారం చదవలేకపోయాము.

దాని ఫలితం ఇలా ఉంది. ఇక్కడ గణితం ఒక వరసలో నడుస్తుంది. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ అన్నవి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే మెట్లు. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 పూర్తిచేసిన విద్యార్థి ఏటా ఒక మెట్టు ఎక్కుతూ పన్నెండో తరగతిలో కాలిక్యులస్ చదువుతాడు. తొమ్మిదిలో మొదలుపెట్టినవాడు ప్రీకాలిక్యులస్ దగ్గరే హైస్కూలు ముగిస్తాడు, లేదా ఎక్కడో ఒకచోట రెండు మెట్లు ఒకేసారి ఎక్కాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా చదవాలంటే ఆరో తరగతి నుంచే వేగవంతమైన ఆనర్స్ గణితంలో ఉండాలి, ఎందుకంటే మూడేళ్ళ పాఠ్యాంశాలను అక్కడ రెండేళ్ళలో ముగిస్తారు. ఆ విధంగా ప్రతిభావంతురాలని జిల్లా ధ్రువీకరించిన మా అమ్మాయి ఆల్జీబ్రా 1 తొమ్మిదో తరగతిలో చదివింది. ఏ ముద్రా లేని మా అబ్బాయి దాన్ని వచ్చే ఏడాది ఎనిమిదిలోనే చదవబోతున్నాడు. అమ్మాయి ఈ ఏడాది జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకేసారి చదువుతూ ఆ లోటు పూడ్చుకుంటోంది. ఆదివారాలు ఎలా గడుస్తున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో టెక్సస్ తరువాత కొంత మేలుకుంది. అయిదో తరగతి రాష్ట్ర గణిత పరీక్షలో పై 40 శాతంలో నిలిచిన పిల్లలను ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ గణితంలో నేరుగా చేర్చాలని, వద్దనుకున్న తల్లిదండ్రులు మాత్రమే రాసి ఇచ్చి తప్పించుకోవాలని 2023లో చట్టం చేసింది. అబ్బాయి విషయంలో మా అజాగ్రత్తను సరిదిద్దినది ఆ చట్టమే. గడిలో గుర్తు పెట్టడం తెలిసిన కుటుంబాల పిల్లలకే ఆల్జీబ్రా దక్కే పాత పద్ధతికి మా ఇల్లే సాక్ష్యం. ఇంగ్లీషు చదవడం వచ్చి, రెండు డిగ్రీలున్న మేమే జారిపడ్డామంటే, రెండు షిఫ్టులు పనిచేసే తల్లి ఆ ఫారాన్ని ఎలా చదువుతుందో ఊహించవచ్చు. ఇందుకు వ్యతిరేక దిశలో సాన్ ఫ్రాన్సిస్కో జిల్లా 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను అందరికీ తీసివేసి తొమ్మిదికి మార్చింది. పదేళ్ళ వాదోపవాదాల తరువాత 2024లో దాన్ని తిరిగి తెచ్చేందుకు నిర్ణయించుకుంది. మిడిల్ స్కూల్లో నిజంగా వెనక్కి తీసుకోవడం కష్టమైన నిర్ణయం ఏదైనా ఉంటే అది గణితం గురించిన నిర్ణయమేనని నా అభిప్రాయం. మిగతావన్నీ ఒక సెమిస్టరులోనో, ఒక ఏడాదిలోనో సరిదిద్దుకోవచ్చు.

ఇక జీటీ ఎంపిక పరీక్ష గురించి. మా జిల్లాలో వాడేది కాగ్నిటివ్ ఎబిలిటీస్ టెస్ట్, అందరూ కోగాట్ అంటారు. మాటలకు, అంకెలకు, బొమ్మలకు సంబంధించిన మూడు భాగాలుంటాయి. పిల్లవాడి ఫలితాన్ని అదే వయసు పిల్లలతో పోల్చి, సగటు 100గా ఉండే కొలమానంలో అంకె ఇస్తారు. 132 వచ్చిందంటే దాదాపు 98వ పర్సెంటైల్ అన్నమాట. పిల్లవాడికి ముందుగా పరిచయం లేని సమస్యను ఇచ్చి, అప్పటికప్పుడు ఎలా ఆలోచిస్తాడో చూడడం ఈ పరీక్ష ఉద్దేశం. మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. మా వాట్సాప్ బృందంలో సెప్టెంబరు రాగానే అభ్యాస పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతాయి, వారాంతాల్లో గ్యారేజీలలో కోచింగ్ తరగతులు వెలుస్తాయి. రెండో తరగతి పిల్లవాడు కాగితం మడతపెట్టి రంధ్రం చేస్తే విప్పినప్పుడు ఎన్ని రంధ్రాలు కనిపిస్తాయో మూడు నెలల పాటు సాధన చేస్తాడు. అలా సాధించిన అంకె పిల్లవాడి ఆలోచన గురించి ఏమి చెబుతుందో నాకు అర్థం కాదు.

నేను ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, మేమూ ఒక పుస్తకం కొన్నాము. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ సెక్షన్లు విడదీసే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, ఏ సెక్షన్‌లో ఉన్నామన్నదే మనమెవరమో చెబుతుందని నమ్మి పెరిగినవాళ్ళం. మా నాన్నగారు నల్లగొండ జిల్లా మనిషి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల గురించి ఆయన ఇప్పటికీ గౌరవంగా మాట్లాడతారు. పరీక్ష రాసి అక్కడ సీటు సంపాదించిన పల్లెటూరి పిల్లవాడికి భోజనం, వసతి, మంచి ఉపాధ్యాయులు, మొత్తంగా ఒక కొత్త జీవితం దొరికేది. ఆ పరీక్ష తప్పితే పోయేది కూడా నిజంగా చాలా ఉండేది. ఇక్కడి జీటీలో పందెం అంత పెద్దది కాదు. రోజుకు రెండు పీరియడ్ల కోసం ఆ భయాన్ని సముద్రం దాటించి తెచ్చుకున్నామని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆ రెండు పీరియడ్లలో మా అమ్మాయికి దొరికినది మాత్రం అసలైన సరుకు. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా పొగడగలిగేది ఆమె ఏడో తరగతిని. టెక్సస్‌లో ఏడో తరగతి సోషల్ అంటే రాష్ట్ర చరిత్ర. మామూలు తరగతిలోనూ, ఆనర్స్‌లోనూ 1836 నాటి అలమో, సాన్ హసింటో యుద్ధాలు, స్వతంత్ర గణతంత్రం అని వరుసగా అధ్యాయాలు నడుస్తాయి, ఆనర్స్‌లో మరికొన్ని మూలపత్రాలు చదివిస్తారు. జీటీ ఉపాధ్యాయురాలు అలా కాకుండా ఒక్కో విద్యార్థికి ఒక మనిషిని అప్పగించి, ఆ మనిషి కళ్ళతో ఆ కాలాన్ని ఆరు వారాల పాటు పరిశోధించమన్నారు. మా అమ్మాయికి హువాన్ సెగీన్ వచ్చాడు. మెక్సికన్ మూలాలున్న టెక్సస్ మనిషి, 1836లో మెక్సికో మీద తిరగబడిన టెక్సస్ పక్షాన పోరాడాడు, తరువాత సాన్ ఆంటోనియో మేయర్ అయ్యాడు, కొత్తగా వచ్చి స్థిరపడినవారి అనుమానాలు భరించలేక 1842లో మెక్సికోకు పారిపోయాడు, అక్కడ మెక్సికో సైన్యం తరఫున ఆయుధం పట్టవలసి వచ్చింది. రెండు వైపులా నమ్మని మనిషి ఎలా బతుకుతాడన్న ప్రశ్న పన్నెండేళ్ళ పిల్లను పట్టుకుని వదలలేదు. ఒక రాత్రి వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్యను, “మీ ఊళ్ళో నిజాం పోయినప్పుడు కూడా ఇలాంటి వాళ్ళు ఉన్నారా తాతయ్యా?” అని అడిగింది. ఆయన గంటసేపు మాట్లాడారు. 1948 గురించి తన పెద్దల దగ్గర విన్నవాటిలో నాకెప్పుడూ చెప్పని సంగతులు ఆ గంటలో నేను కూడా విన్నాను. చివరికి ఆమె రాసిన పదిహేను పేజీల వ్యాసానికి వచ్చిన మార్కు నాకు గుర్తులేదు, ఉపాధ్యాయురాలు అంచుల్లో ఎర్ర సిరాతో రాసిన ప్రశ్నలు మాత్రం గుర్తున్నాయి.

గుంపు గురించి కూడా చెప్పాలి. దాదాపు అదే పాతికమంది మూడేళ్ళు కలిసి ఉంటారు. పుస్తకం గురించి తెగ మాట్లాడితే ఎవరూ వింతగా చూడని చోటు పదకొండు, పన్నెండేళ్ళ పిల్లకు ఎంత అవసరమో నేను ముందుగా ఊహించలేదు. నాలుగో తరగతి వరకు నోరు విప్పని పిల్ల అక్కడ వాదించడం నేర్చుకుంది. అదే గుంపులో 92 వస్తే బాత్రూంలో ఏడ్చే పిల్లలు కూడా తయారయ్యారు. అందరికన్నా తెలివైనవాడినని మూడో తరగతిలో విన్న పిల్లవాడు, అలాంటి పాతికమంది మధ్య కూర్చున్నాక తాను ఎవరో మళ్ళీ తేల్చుకోవలసి వస్తుంది. స్కూలు దీనికి ప్రత్యేకంగా చేసినదేమీ లేదు, ఒక కౌన్సెలర్ ఏడాదికి ఒకసారి వచ్చి ఒత్తిడి గురించి స్లైడ్లు చూపించడం తప్ప.

ఎనిమిదో తరగతిలో ఈ సేవ కుప్పకూలింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు అక్టోబరులో ప్రసూతి సెలవు మీద వెళ్ళారు, ఫిబ్రవరి చివరి వరకు వరుసగా తాత్కాలిక ఉపాధ్యాయులు వచ్చారు. వారిలో ఎవరికీ జీటీ బోధన పరిచయం లేదు. ఆ నాలుగు నెలలూ జీటీ తరగతి అంటే ఆనర్స్ తరగతి వర్క్‌షీట్లకు మరో రెండు వర్క్‌షీట్లు చేర్చడం. వేరైన పని ఇవ్వవలసిన చోట ఎక్కువ పని ఇవ్వడం ఈ కార్యక్రమాలకు ఎక్కడైనా పట్టే తెగులేనని తరువాత తెలిసింది. మేము ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులం కలిసి వెళ్ళి అడిగితే, పోస్టు భర్తీకి ప్రయత్నిస్తున్నామని మర్యాదగా చెప్పి పంపించారు. అదే కాలంలో ఆనర్స్ ఇంగ్లీషుకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండడం వల్ల ఒకరు సెలవు పెట్టినా మిగతా ఇద్దరి ప్రణాళికతో తరగతి సాఫీగా నడిచింది. జీటీ మొత్తం ఒకే మనిషి భుజాల మీద నిలబడి ఉందన్న సంగతి అప్పుడే మాకు అర్థమైంది.

అబ్బాయి ఆనర్స్ అనుభవంలో ఇలాంటి శిఖరాలూ లేవు, లోయలూ లేవు. తరగతికి ముప్పై మందికి పైగా ఉంటారు. ఆనర్స్ సైన్సుకు, మామూలు సైన్సుకు పాఠ్యాంశాలు ఒకటే, వేగం కొంచెం ఎక్కువ, ప్రయోగాల నివేదికలు కొంచెం పొడవు. గణితంలో తేడా నిజంగా పెద్దది, పైన చెప్పినట్టు అది వేరే దారే. వాడికి రోజూ నలభై, యాభై నిమిషాల హోంవర్క్ ఉంటుంది, ఏ రోజు ఎంత ఉంటుందో ముందే తెలుస్తుంది. అమ్మాయికి పది రోజులు ఏమీ లేకుండా గడిచి, ప్రాజెక్టు వారంలో రాత్రి పదకొండు దాటేది. పద్ధతిగా నడిచే ఇల్లు కావాలనుకునేవారికి ఆనర్స్ సుఖం. ఆ ప్రాజెక్టుల పోస్టర్ బోర్డుల కోసం రాత్రి తొమ్మిదింటికి దుకాణాల వెంట పరుగెత్తిన తండ్రిగా ఈ మాట చెబుతున్నాను.

ఆనర్స్‌లో నాకు బాగా నచ్చినది ఎక్కడికక్కడ ఎంచుకునే వీలు. వాడు ఆరో తరగతిలో ఆనర్స్ ఇంగ్లీషు కూడా తీసుకున్నాడు, మా ఒత్తిడి మీదే. నాలుగు వారాలకే ప్రతి సోమవారం కడుపునొప్పి మొదలైంది. తొమ్మిది వారాల గ్రేడింగ్ కాలం ముగియకముందే ఒక పేజీ దరఖాస్తు నింపి, కౌన్సెలర్‌తో పది నిమిషాలు మాట్లాడి మామూలు ఇంగ్లీషుకు మార్చాము. వాడి గణితం, సైన్సు తరగతులకు ఏ భంగమూ కలగలేదు. జీటీ నుంచి బయటికి రావడం ఇంత తేలిక కాదు. కొంతకాలం విరామం తీసుకునే ఏర్పాటుకు ఫర్లో అని పేరు, పూర్తిగా తప్పుకోవడానికి ఎగ్జిట్ అని పేరు, రెండింటికీ కమిటీ, సమావేశం, సంతకాలు ఉంటాయి. మంచి ఉద్దేశంతో పెట్టిన రక్షణలే అవి, తొందరపాటుతో పిల్లను తీసేయకుండా ఉండడానికి. అయినా పన్నెండేళ్ళ పిల్ల దృష్టిలో ఆ సమావేశం తనను ప్రతిభావంతుల జాబితా నుంచి కొట్టివేసే విచారణలా ఉంటుంది. మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె ఆ భయంతోనే ఏడాదంతా నెట్టుకొచ్చింది.

ఆటలు, సంగీతం ఉన్న పిల్లల తల్లిదండ్రులు చూసుకోవలసిన చిన్న సంగతి ఒకటుంది. గ్రేడింగ్ కాలం ముగిసేసరికి ఏ విషయంలోనైనా 70 కన్నా తక్కువ వస్తే కనీసం మూడు వారాలు పోటీలకు, ప్రదర్శనలకు దూరంగా ఉంచాలని టెక్సస్ చట్టం. జిల్లా ఆనర్స్‌గా గుర్తించిన కొన్ని తరగతులకు ఇందులో మినహాయింపు ఉంటుంది. మీ జిల్లా జాబితాలో ఏవి ఉన్నాయో విద్యార్థి కరదీపికలో చూసుకోండి, ఆర్కెస్ట్రా పోటీకి ముందు వారం తెలుసుకుని ప్రయోజనం ఉండదు.

కాలేజీ ప్రవేశాలకు ఇవి ఎంత పనికొస్తాయని మిత్రులు తరచూ అడుగుతారు. ఆరు, ఏడు తరగతుల జీటీ ఇంగ్లీషు, ఆనర్స్ సైన్సు ఏ కాలేజీ దరఖాస్తులోనూ కనిపించవు. కనిపించేవి మిడిల్ స్కూల్లో చదివినా హైస్కూలు క్రెడిట్ ఇచ్చే ఆల్జీబ్రా 1, స్పానిష్ వంటి కొద్ది కోర్సులే. వాటి గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్, అంటే హైస్కూలు మార్కుల పత్రం, మీదికి వెళుతుంది. అది సగటులో కలుస్తుందా లేదా అన్నది జిల్లాను బట్టి మారుతుంది గనుక ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాలో చేరే ముందు కౌన్సెలర్‌ను ఈ ప్రశ్న తప్పక అడగాలి.

వేరే రాష్ట్రాలలోని తెలుగువారు నా అనుభవాన్ని యథాతథంగా తీసుకోకూడదు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మూడో తరగతి నుంచే పూర్తికాలపు అడ్వాన్స్‌డ్ తరగతులు ఉన్నాయి, అవి మిడిల్ స్కూలు వరకు సాగుతాయి, అక్కడ ఆనర్స్ మాత్రం ఎవరైనా ఎంచుకోవచ్చు. అక్కడ రోజంతా గుంపు మారుతుంది కాబట్టి ఎంపిక మాదానికన్నా బరువైనది. పక్కనే ఉన్న లౌడన్ కౌంటీలో స్పెక్ట్రమ్ అనే మిడిల్ స్కూలు కార్యక్రమం వేరే తరహాలో నడుస్తుంది. మేరీల్యాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీలో టకోమా పార్క్‌లో గణితం, సైన్సుకు, ఈస్టర్న్‌లో హ్యుమానిటీస్‌కు మాగ్నెట్ మిడిల్ స్కూళ్ళు ఉన్నాయి, వాటికి పిల్లవాడు బడే మారాలి. నార్త్ కరొలైనాలో జీటీ అన్న మాటకు బదులు ఏఐజీ అంటారు. పేరు ఏదైనా అడగవలసినది ఒకటే, రోజులో ఎన్ని పీరియడ్లు, ఏ విషయాలలో, ఎవరితో.

నక్షత్రాలు ఇవ్వాలంటే మా స్కూలు జీటీ ఇంగ్లీషు, సోషల్‌కు ఏడో తరగతిలో అయిదుకు అయిదు, ఆరులో మూడున్నర, ఎనిమిదిలో ఒకటిన్నర ఇస్తాను. వీటిని కలిపి సగటు తీయడం అర్థంలేని పని. ఆనర్స్ గణితానికి నాలుగున్నర, ఆనర్స్ సైన్సుకు మూడు. ఆనర్స్ ఇంగ్లీషును కొద్ది వారాలే చూశాము కనుక నక్షత్రాలు ఇవ్వను.

చదవడం, రాయడం, వాదించడం ఇష్టమైన పిల్లకు, తరగతిలో తనలాంటి వారు దొరక్క ఒంటరిగా ఉన్న పిల్లకు జీటీ వస్తే తీసుకోమనే చెబుతాను, ఆ తరగతి ఉపాధ్యాయులు ఎవరు, ఎన్నేళ్ళుగా చెబుతున్నారు, సెలవు పెడితే ఎవరు చూస్తారు అని ముందే అడగమని కూడా చెబుతాను. ఒకటి రెండు విషయాల్లో చురుకుగా ఉండి మిగతావాటిలో మామూలుగా ఉండే పిల్లవాడికి, అంటే నిజానికి చాలామంది పిల్లలకు, ఆనర్స్ సరిపోతుంది. జీటీ పరీక్ష కోసం ఏడాది పాటు కోచింగ్ ఇప్పించవలసి వస్తే ఆ డబ్బుతో పిల్లవాడికి ఇష్టమైన పుస్తకాలు కొనడం మేలు. గణితం గడి మాత్రం ఏ పిల్లవాడి ఫారంలోనైనా రెండుసార్లు చూడండి.

పోయిన వారం అబ్బాయి ఎనిమిదో తరగతి ఫారం వచ్చింది. దానితో పాటు జీటీకి మళ్ళీ నామినేట్ చేయదలచుకుంటే ఫలానా తేదీలోగా తెలపమని ఒక కాగితం. నా భార్య దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. మూడు రోజులు ఎవరం మాట్లాడలేదు. నాలుగో రోజు వాడే తీసుకుని అక్క గదిలోకి వెళ్ళి, “జీటీలో నిజంగా ఏం చేస్తారక్కా?” అని అడిగాడు. అది సెగీన్ వ్యాసం ఉన్న ఫోల్డరు తీసి వాడి చేతిలో పెట్టింది. అరగంట తరువాత వాడు ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. ఆల్జీబ్రా 1, ఆనర్స్ సైన్సు, మామూలు ఇంగ్లీషు, ఆర్కెస్ట్రా. సోషల్ దగ్గర మాత్రం మొదటిసారిగా ఆనర్స్ గడిలో గుర్తు ఉంది, ఎనిమిదో తరగతిలో అమెరికా చరిత్ర వస్తుందట. నామినేషన్ కాగితం ఖాళీగానే ఉంది. గణితం గడి రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాను.